సీట్ల పేజీ కడుతున్న మేనల్లుడికి

చి. చరణ్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. బస్ టికెట్ల వెబ్‌సైట్‌లో సీట్లు ఎంచుకునే పేజీ నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చూపు లేనివాళ్లు కూడా వాడేలా ఉండాలని మీ లీడ్ అన్నారట, ఎక్కడ మొదలుపెట్టాలో నీకు తోచడం లేదట. నేను ఇన్నేళ్లు చేసిన పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి పట్టుకో. స్క్రీన్ రీడర్, అంటే పేజీని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, తెరను చూడదు. నువ్వు రాసిన హెచ్‌టీఎంఎల్ నుంచి బ్రౌజర్ యాక్సెసిబిలిటీ ట్రీ అని, పేజీలో ఉన్నవాటి జాబితా లాంటిది ఒకటి తయారు చేస్తుంది, స్క్రీన్ రీడర్‌కి అందేది అది. అందులో ప్రతి కంట్రోల్‌కీ పేరు ఉండాలి, అది ఏ రకమో ఉండాలి, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఉండాలి. మీ పేజీలో సీటంటే ఒక డివ్ (ఉత్త పెట్టె), ఆకుపచ్చ రంగు, నొక్కితే పనిచేయడానికి ఒక ఆన్‌క్లిక్. చూసేవాళ్లకి అది సీటని తెలుస్తుంది. విండోస్‌లో వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మాత్రం "7ఏ" అని చదివి, మహా అయితే నొక్కొచ్చని చెప్పి వెళ్లిపోతుంది. ఖాళీగా ఉందా, ఎవరైనా తీసుకున్నారా, నేను ఎంచుకున్నానా, ఏదీ చెప్పదు. ట్యాబ్ కీ కొడుతూ పోతే ఆ సీటు మీద ఆగను కూడా ఆగదు.

ఇక్కడ చాలామంది ఆ డివ్‌కే రోల్ (అంటే అది ఏ రకమో చెప్పే మాట) బటన్ అని తగిలించి పనైపోయిందనుకుంటారు. రోల్ రాస్తే "బటన్" అని వినిపిస్తుంది, అంతవరకే. ట్యాబ్‌తో చేరుకోవడం, ఎంటర్‌కీ స్పేస్‌కీ పనిచేయడం, ఇదంతా మళ్లీ నువ్వే రాయాలి. అసలు బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ ఊరికే వస్తాయి. ఆరియా (రకం, పేరు, స్థితి స్క్రీన్ రీడర్‌కి చెప్పడానికి హెచ్‌టీఎంఎల్‌కి జోడించే గుర్తులు, రోల్ అందులోదే) పాటించమనే మొదటి నియమం కూడా ఇదే: హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న కంట్రోల్ సరిపోతే దాన్నే వాడు, సరిపోనప్పుడే ఆరియా దగ్గరికి రా. తప్పుగా రాసిన ఆరియా కన్నా అసలు రాయకపోవడమే నయం. ఎందుకంటే అది వినేవాళ్లకి అబద్ధం చెబుతుంది.

మరి సీటుకి ఏది సరిపోతుంది? నన్నడిగితే చెక్‌బాక్స్. ఎంచుకోవడం, వదిలేయడం, ఒకటికి మించి తీసుకోవడం, సీటుతో మనం చేసేది ఇదే కదా. దానికో లేబుల్ పెట్టు. లేబుల్‌లో ముందు సీటు నంబరే రావాలి: "7ఏ, కిటికీ పక్కన, 650 రూపాయలు". నంబరు ముందెందుకంటే, చేతులు కదపలేనివాళ్లు వాయిస్ యాక్సెస్‌తో, అంటే నోటి మాటతో, ఫోన్ వాడేటప్పుడు తెర మీద కనిపించే మాటనే పలుకుతారు. తెర మీద 7ఏ అని ఉండి, లోపలి పేరు ఇంకేదో అయితే వాళ్ల మాట దానికి తగలదు. ఆడవాళ్ల సీటుకి గులాబీ రంగు ఒక్కటే వేసి వదిలేయకు, "మహిళలకు మాత్రమే" అని లేబుల్‌లో రాయి. రంగులు సరిగా తెలియనివాళ్లకి ఆ గులాబీ కూడా తేడాగా కనపడకపోవచ్చు, కాబట్టి సీటు మీద చిన్న గుర్తు కూడా వేయి. బుక్ అయిపోయిన సీటుకి డిసేబుల్డ్ పెడితే చాలు, అది అందుబాటులో లేదని స్క్రీన్ రీడరే చెబుతుంది.

మీ డిజైనర్‌కి మామూలు చెక్‌బాక్స్ నచ్చదు, అది సహజమే. అప్పుడు పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో డిస్‌ప్లే నన్ అని రాసి దాన్ని దాచేస్తారు. అలా దాస్తే అది ట్రీలోంచే పోతుంది, కీబోర్డుకీ దొరకదు. దానికి బదులు చెక్‌బాక్స్‌ని సీటు బొమ్మంత పెద్దది చేసి, సరిగ్గా బొమ్మ మీద పరిచి, ఒపాసిటీ సున్నా చెయ్యి, అంటే పూర్తిగా పారదర్శకం. కంటికి బొమ్మ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్ రీడరైన టాక్‌బ్యాక్ పెట్టుకుని తెర మీద వేలితో వెతికేవాళ్లకి చెక్‌బాక్స్ అక్కడే తగులుతుంది. ఫోకస్ వచ్చినప్పుడు, అంటే కీబోర్డుతో ఆ సీటు మీద ఆగినప్పుడు, దాని చుట్టూ గీత తప్పకుండా కనిపించాలి, పక్క రంగుతో పోలిస్తే కాంట్రాస్ట్ కనీసం 3:1 ఉండాలి. ఆ గీత బాగాలేదని ఎవరైనా తీసేయమంటే ఒప్పుకోకు.

కింది బెర్తులు ఒక ఫీల్డ్‌సెట్ (కంట్రోల్స్ గుంపు), పై బెర్తులు ఇంకో ఫీల్డ్‌సెట్. ఒక్కోదానికీ లెజెండ్, అంటే ఆ గుంపు పేరు. బస్సును అడ్డంగా పడుకోబెట్టి గీసినా, కోడ్‌లో సీట్లు వరుస వరుసగానే రానివ్వు. వినేవాళ్లు బస్సు ఎక్కి లోపలికి నడిచిన క్రమంలోనే వింటారు.

దీనికి గ్రిడ్ (గళ్ల పట్టిక) రోల్ వాడి బాణం కీలతో తిప్పమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. తప్పేం కాదు. కానీ గ్రిడ్ అన్నావంటే నాలుగు వైపులా బాణం కీలు, ఫోకస్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, అన్నీ నీ బాధ్యతే అవుతాయి. నీ స్థానంలో నేనుంటే ఆ సమయం పెట్టి పైన రెండు ఫిల్టర్లు కడతాను: కిటికీ సీట్లు, కింది బెర్తులు. పండగ ముందు ఊరికెళ్లే హడావుడిలో నలభై సీట్లూ వినే ఓపిక ఎవరికుంటుంది?

ఇంకో చోట చాలా పేజీలు మూగబోతాయి. ఆరు సీట్లకు మించి కుదరదని కింద ఒక చిన్న పట్టీ వచ్చి మాయమవుతుంది. అది చూడనివాళ్లకి తాము నొక్కింది ఎందుకు పనిచేయలేదో తెలియదు. లోపల మాటలు మారగానే స్క్రీన్ రీడర్ చదివేలా, రోల్ స్టేటస్ ఉన్న ఖాళీ పెట్టెను పేజీ తెరుచుకున్నప్పుడే ఉంచు, సందేశం వచ్చినప్పుడు అందులో మాటలు నింపు. పెట్టెనూ మాటలనూ ఒకేసారి తెచ్చి పెడితే చాలాసార్లు అది చదవదు. సీట్లు ఇన్ని నిమిషాలే ఆగుతాయనే టైమర్ ఉంటే మాత్రం ప్రతి సెకనూ చదివించకు, వినేవాళ్లకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రెండు నిమిషాలుండగా ఒకసారి చెప్పి, గడువు పెంచుకునే బటన్ ఇవ్వు.

మీ పేజీకి తెలుగు వెర్షన్ కూడా ఉందన్నావట. అందులో పేజీ ఏ భాషో చెప్పే హెచ్‌టీఎంఎల్ లాంగ్ విలువ తెలుగు కోడ్‌కి మారిందో లేదో చూడు. పైన ఇంగ్లీష్ అనే ఉండిపోతే, కొన్ని గొంతులు తెలుగు అక్షరాలను వదిలేస్తాయి, కొన్ని చిత్రవధ చేస్తాయి. ఒక్క మాట మార్చితే సరిపోయే ఈ పని మన తెలుగు సైట్లలో ఎంతమంది వదిలేస్తున్నారో చూస్తే నాకు బాధేస్తుంది.

కట్టాక పరీక్షించు. మొదట మౌస్ పక్కన పెట్టి, ఉత్త కీబోర్డుతో ఒక టికెట్ డబ్బు కట్టే దాకా తీసుకెళ్లు. తర్వాత ఎన్‌వీడీఏ దించుకో, ఉచితమే. అందులో ఎక్స్ కొడితే చెక్‌బాక్స్ నుంచి చెక్‌బాక్స్‌కి వెళ్తుంది. చివరికి తెర వెలుతురు పూర్తిగా తగ్గించి విను. ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే కుడికి తోస్తే ముందుకు, రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఆటోమేటిక్ టూల్స్ కూడా నడుపు, కానీ అవి పేరు లేదని పట్టుకుంటాయి గానీ పేరు తప్పుగా ఉందని పట్టుకోలేవు. 7ఏ సీటుకి 8ఏ అని రాసినా పాస్ చేసేస్తాయి.

ఆ తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లని పిలిపించి చేయించండి, వాళ్ల సమయానికి డబ్బు ఇప్పించు. వాళ్ల వేగం, వాళ్ల అలవాట్లు నీకు నాలుగు రోజుల్లో రావు.

బడ్జెట్ లేదని పైవాళ్లు అంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తుచెయ్యి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఈ విషయం మీదే భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చిన ప్రమాణం ఐఎస్ 17802 కూడా ఉంది, మీ టీమ్‌కి అది చదవమని ఇవ్వు.

ఓటీపీ పేజీ కూడా నీకే వస్తుందని విన్నాను. ఆరు విడి పెట్టెలు కట్టకు. ఒకే ఇన్‌పుట్ పెట్టి, ఫోన్ ఆ కోడ్‌ని తానే సూచించేలా ఆటోకంప్లీట్‌కి వన్-టైమ్-కోడ్ అని ఇవ్వు. కావాలంటే సీఎస్ఎస్‌తో అంకెల మధ్య ఎడం పెంచుకో. ప్రయాణ తేదీ ఎంచుకునే క్యాలెండర్ సంగతి పెద్దది, ఉత్తరంలో తేలదు. ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

నీ అత్తయ్య