కుండని చూసి కిటికీ తెరువు

అమ్మా లలితా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా చెవిలోనే ఉండిపోయింది. "పెదనాన్నా, పదివేలు పెట్టి కూలర్ కొన్నాం, తలుపులన్నీ బిగించి వేశాం, అయినా గది ఇడ్లీ పాత్రలా ఉంది, బుజ్జిగాడు నిద్రపోవట్లేదు" అన్నావు. ఫోన్‌లో సగం మాటలు తెగిపోతున్నాయి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

తప్పు కూలర్‌ది కాదమ్మా, ఊరిది. నువ్వు పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో ఉన్నావు. అక్కడి ఎండ పొడి ఎండ. తడి గడ్డి మీంచి గాలి వస్తే చల్లబడుతుంది. మన విశాఖలో గాలే తడిగా ఉంటుంది. అందులోకి నువ్వు ఇంకో రెండు బకెట్ల నీళ్ళు ఆవిరిగా వదిలి, తలుపులు మూశావు. ఒంటి మీద చెమట ఆరడానికి చోటెక్కడుంది? చెమట కారితే ఒళ్ళు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. "36 డిగ్రీలే కదా, విజయవాడలో 43 ఉంది" అని అల్లుడు అన్నాడన్నావు. ఆ మాట నమ్మకు. వాతావరణ శాఖ వాళ్ళు కూడా మైదానాల్లో 40 దాటాక వడగాడ్పుల లెక్క మొదలుపెడితే, తీరప్రాంతాలకి 37 నుంచే మొదలుపెడతారు. పక్కన సముద్రం ఉందన్న ధైర్యంతోనే ఈ ఊళ్ళో చాలామంది పడిపోతారు.

ఇక్కడ రెండు రకాల ఎండలుంటాయి, రెండింటికీ మందు వేరు. మామూలు రోజుల్లో పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. అది ఉక్కపోత రోజు. ఆ రోజు కిటికీలు తెరువు, ఎదురెదురు తలుపులు తెరువు, ఫ్యాను పెట్టు, కూలర్ పెట్టాలనిపిస్తే నీళ్ళు పోయకుండా పెట్టు. తడి గుడ్డలు కిటికీలకి కట్టకు. రెండోది పడమటి గాలి రోజు. కొండల వైపు నుంచి వచ్చే ఆ గాలి సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. మధ్యాహ్నానికి 40 దాటినా దాటుతుంది, పెదాలు పగులుతాయి, ఆరేసిన చీర అరగంటలో ఫెళఫెళలాడుతుంది. ఆ రోజు మాత్రం తొమ్మిదింటికల్లా కిటికీలు మూసెయ్. వట్టివేళ్ళ తడికలు, తడి దుప్పట్లు, నీళ్ళు పోసిన కూలర్, అన్నీ పనిచేస్తాయి. కూలర్ ఎదురుగా కిటికీ ఒకటి కాస్త తీసి ఉంచాలి, తడి గాలి బయటికి పోవాలి కదా. కూలర్ లేకపోతే తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. పొడి ఒంటితో కూర్చుంటే ఫ్యాను వేడిగాలినే కొడుతుంది.

ఏ రోజు ఏదో ఎలా తెలుస్తుందంటావా? పూర్ణా మార్కెట్‌లో ఓ మట్టికుండ కొనుక్కో, పెయింటు వేసింది వద్దు. కుండ కూడా మనలాగే చెమటోడుస్తుంది. పొద్దున లేచి అందులో గ్లాసు ముంచు. నీళ్ళు జివ్వుమంటే పొడి రోజు, కిటికీలు మూసుకో. గోరువెచ్చగానే ఉంటే ఉక్క రోజు, తెరుచుకో. నలభై ఏళ్ళుగా మీ పెద్దమ్మ చేసేది ఇదే. ఫోన్‌లో వాతావరణం చూపించినా ఆవిడ నమ్మదు.

నాకు ఈ సంగతి ఇంత గట్టిగా ఎందుకు తెలుసో చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్ళో చెట్లు వరసపెట్టి కూలిపోయాయి. మరుసటి మేలో ఎండలు మండాయి, ఆంధ్రలోనే వెయ్యిమందికి పైగా పోయారు. నీడ లేని ఊళ్ళో నేను పైపులైను పని చేయిస్తున్నాను. కాంట్రాక్టరు సాయంత్రంలోగా అవ్వాలన్నాడు. రెండింటికి నా పక్కనున్న కుర్రాడు ఉన్నట్టుండి సంబంధం లేని మాటలు మొదలెట్టాడు. తాగి వచ్చాడేమో అనుకుని కసిరాను. చెయ్యి పట్టుకుంటే పెనంలా ఉంది. గోతిలో నీళ్ళే దోసిళ్ళతో వాడి మీద పోసి, అట్ట ముక్కలతో విసిరాం. బతికాడు. కానీ ఆ కసిరిన పది నిమిషాలు నాకింకా గుర్తే.

అందుకే మీ అత్తగారి సంగతి చెప్తున్నా, జాగ్రత్తగా విను. పెద్దవాళ్ళకి దాహం తెలియదు. అడిగితే "వద్దమ్మా" అంటారు, అడక్కుండా గ్లాసు చేతిలో పెట్టు. ఆవిడ బీపీ మాత్రల్లో ఒంట్లో నీరు లాగేది ఏదైనా ఉందేమో డాక్టర్ని అడుగు, ఎండాకాలానికి మోతాదు మార్చాలేమో ఆయన చెప్తాడు, మీరు సొంతంగా ఆపకండి. మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా మజ్జిగ కలుపుతూ కూర్చోవద్దు. చెమట పడుతోంది కదా అని ధైర్యం చెప్పుకోవద్దు. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు ఒళ్ళంతా తడిపి ఫ్యాను పెట్టు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఈ ఏడు చందనోత్సవానికి సింహాచలం వెళ్తానంటున్నారట. అక్షయ తృతీయ ఎండలో ఆ క్యూ నాకు తెలుసు. స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే నిజమే గానీ, తెల్లవారకముందే క్యూలో ఉండి ఎండెక్కేలోపు కొండ దిగగలిగితేనే పంపు.

బుజ్జిగాడికి ఆరు నెలలు నిండలేదు. ఎండాకాలం కదా అని చెంచాతో నీళ్ళు పట్టమని ఎవరు చెప్పినా వినకు, నీ పాలే చాలు. తాగాల్సింది నువ్వు. ఎవరికైనా నీరసంగా ఉంటే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి మరీ కలుపు. ఉప్పు చేతి వాటంగా వేయకు. మిగతా తిండి మీకు తెలిసిందే. చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన గంజి నీళ్ళు), ముంజలు. ఇంటికి రాగానే ఫ్రిజ్ సీసా ఎత్తి గటగటా తాగడం మాత్రం అల్లుణ్ణి మానమను. దాంతో ఏదో అయిపోతుందని కాదు, నాకు చూడబుద్ధి కాదు.

ఇక నీళ్ళు. మన కుళాయిలోకి వచ్చేదంతా ఈ ఊరి నీరు కాదు. ఏలేశ్వరం దగ్గర ఏలేరు జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచి వస్తుంది. ఇంకా రైవాడ జలాశయం శారద నది మీద, తాటిపూడి జలాశయం గోస్తని నది మీద ఉన్నాయి. దగ్గర్లో ఉన్నవి మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ. అక్కడ వానలు మొహం చాటేస్తే ఇక్కడ మధురవాడలో కుళాయి సన్నబడుతుంది. రోజూ వచ్చేది రోజు విడిచి రోజు అయ్యాక కొలవడం మొదలెట్టకు, ఇప్పుడే మొదలెట్టు. ఆర్వో మిషను ఒక బిందె మంచినీళ్ళకి బిందె కంటే ఎక్కువే పారబోస్తుంది, ఆ పైపు బకెట్లో పెట్టి ఇల్లు తుడవడానికి వాడు. పక్క ఫ్లాట్ల ఏసీల నుంచి కారే నీళ్ళు కూడా ఈ ఊళ్ళో తక్కువేం కాదు, ఉక్క ఎంతుంటే అంత కారతాయి. అవి మొక్కలకి సరిపోతాయి. బోరు ఇంకా లోతుకి దింపుదామని మీ అపార్ట్‌మెంటు వాళ్ళు అంటున్నారుగా, బీచ్ వైపు అలా తోడీ తోడీ బోర్లలోకి ఉప్పునీరు తెచ్చుకున్న ఇళ్ళు నేను స్వయంగా చూశాను. ఆ డబ్బుతో డాబా మీద పడే వాననీరు భూమిలోకి దింపే గొయ్యి తవ్వమను. పట్టి ఉంచిన డ్రమ్ములకి మూతలుండాలి, వారానికోసారి ఖాళీ చేసి తోమి ఆరబెట్టాలి. లేదంటే ఎండ పోయేలోపు డెంగీ దోమ వస్తుంది.

అసలు మీకున్న పెద్ద తద్దినం పై అంతస్తు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి మీ మీదకి వేడి వదులుతుంది, పిల్లాడు ఏడ్చేది అందుకే. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లుతున్నానన్నావు. కరువు ఏడు అది మానుకో. దానికి సున్నమే మందు. తెల్లటి సున్నం రెండు పూతలు వేస్తే శ్లాబు అంత కాగదు. ఆ నల్ల ట్యాంకు చుట్టూ తడకలు కట్టాలి, లేదంటే మే నెలలో స్నానానికి చన్నీళ్ళు రావు. ఇంటి ఓనరు ఒప్పుకోడేమో అని భయపడకు, నేను మాట్లాడతాను.

ఆదివారం ఐదున్నరకల్లా వస్తాను, ఎనిమిదింటికి డాబా మీద నిలబడలేం. సున్నం, జిగురు, చీపురు బ్రష్షులు రెండు నేనే తెస్తాను. అల్లుణ్ణి పాత లుంగీ కట్టుకుని సిద్ధంగా ఉండమను. మీ పెద్దమ్మ తరవాణి కుండ పట్టుకొస్తానంటోంది, దాన్ని పెట్టడానికి వంటింట్లో పొయ్యికి దూరంగా కాస్త చోటు చూసి ఉంచు.

మీ పెదనాన్న