ట్రాఫిక్ పోలీసులు ఆపితే ఎదురు ప్రశ్న వేయడం నేరమా?

నేరం కాదు, ఎందుకు ఆపారు, దేనికి చలానా రాస్తున్నారు అని మామూలు గొంతుతో అడగొచ్చు, కానీ తోసేయడం, చెయ్యి చేసుకోవడం దాకా వెళ్తే అది చలానా దాటి కేసు అవుతుంది. ఎందుకంటే యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాల్సిందేనని మోటార్ వాహనాల చట్టం 130వ సెక్షన్ చెప్తుంది, డ్యూటీకి అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత 221 కింద 3 నెలల వరకు జైలు, మీద చెయ్యి వేస్తే 132 కింద 2 ఏళ్ల వరకు (పాత ఐపీసీలో 186, 353 అనేవాళ్లు, 2024 జులై నుంచి నంబర్లు మారాయి).

ఉదాహరణకి అమీర్‌పేటలో సిగ్నల్ జంప్ చేశారని ఆపారనుకోండి, మీరేమో చెయ్యలేదు. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపి, "సార్, గ్రీన్‌లోనే వచ్చాను, కెమెరా ఉంటే ఒకసారి చూడండి" అని డిజిలాకర్‌లో లైసెన్స్, ఆర్‌సీ చూపిస్తే చాలు, అవి ఒరిజినల్‌తో సమానం, గ్యాలరీలో దాచుకున్న ఫొటోలు మాత్రం కాదు. "నేనెవరో తెలుసా" అని ఎవరికో ఫోన్ కలపడం మొదలెట్టారా, ఇక చిన్న విషయం కూడా పెద్దదైపోద్ది.

చాలామంది మర్యాదగా మాట్లాడితే తప్పు ఒప్పేసుకున్నట్టే అనుకుంటారు, అస్సలు కాదు. సార్ అని పిలిచి కూడా చలానా అక్కడే కట్టకుండా కోర్టులో తేల్చుకుంటానని చెప్పొచ్చు.