స్టీమ్ లైన్ పనికి వెళ్తానన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మిర్యాలగూడ నుంచి మామయ్య దీవించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు డిగ్రీ మాట పక్కన పెట్టి పైప్ ఫిట్టర్ పని, అందులోనూ స్టీమ్ లైన్ల పనే, అంటే ఆవిరి పోయే పైపుల పనే, నేర్చుకుంటానని పట్టుబట్టావని చెప్పింది. "అంతా నీ పోలికే" అని ఆమె అన్నది తిట్టో మెప్పో నాకు తేలలేదు. విన్నప్పుడు సంతోషించిన మాట నిజం, తరువాత తెల్లవారేదాకా నిద్ర పట్టని మాటా నిజం. మీ తాత నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్ళు మోశాడు, నేను ముప్పై నాలుగేండ్లు పైపులు మోశాను, నువ్వైనా నీడపట్టున కూర్చుంటావని లోలోపల లెక్క వేసుకున్నాను. అయినా నిన్ను ఆపడానికి ఇది రాయడం లేదు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని ఊకొట్టి ఊరుకుంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మూడు నెలల్లో ఫిట్టర్‌ను చేసి గల్ఫ్ పంపిస్తామని ఎవరో నీకు ఆశ పెట్టారట. ఆ మాట నమ్మవద్దు. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది, ఫిట్టర్ ట్రేడ్ రెండేండ్లు. నువ్వు ఫిట్టర్‌లోనే చేరు. ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదును చేయడం విసుగు పుట్టిస్తుంది కానీ, మిల్లీమీటరు అంటే ఎంతో నీ చేతికి తెలిసేది అక్కడే. ఆ తరువాత అప్రెంటిస్‌గానో, మంచి పైప్ ఫిట్టర్ దగ్గర హెల్పర్‌గానో రెండేండ్లు ఉండు. గల్ఫ్ సంగతి అప్పుడు చూద్దాం, అప్పుడైనా లైసెన్స్ ఉన్న ఏజెంట్ ద్వారానే.

లెక్కల దగ్గర నువ్వు భయపడతావని నాకు తెలుసు. ఈ పనిలో లెక్క తప్పితే కోసిన పైపు మళ్ళీ అతకదు. నాలుగంగుళాల పైపును బయట కొలిస్తే 114.3 మిల్లీమీటర్లు వస్తుంది; పేరూ బయటి కొలతా ఒకటయ్యేది 14 అంగుళాల నుంచి మాత్రమే. ఇక ఆ నాలుగంగుళాల లైన్‌ను 300 మిల్లీమీటర్లు పక్కకు జరపాలి, రెండు 45 డిగ్రీల ఎల్బోలు, అంటే వంపు ముక్కలు, వాడుతున్నావు అనుకుందాం. 300ను 1.414తో హెచ్చిస్తే ఏటవాలు పొడవు 424. అందులోంచి ఒక్కొక్క ఎల్బో తీసుకునే చోటు 64 చొప్పున 128 తీసివేస్తే 296. రెండు జాయింట్ల వెల్డింగ్ గ్యాప్‌కు మూడేసి మిల్లీమీటర్లు వదిలితే నువ్వు కోయవలసిన ముక్క 290. నేను పనిలో చేరిన కొత్తలో ఆ 128 సంగతి ఎవరూ చెప్పక, 424కు కోసి, నాకు నేర్పిన పెద్దమనిషి చేత అందరి ముందు చీవాట్లు తిన్నాను. నువ్వు తినకు.

ఇనుము సాగుతుందన్నది మరచిపోవద్దు. ముప్పై మీటర్ల లైన్ చల్లగా 30 డిగ్రీల వద్ద ఉండి, ఆవిరి వచ్చాక 180 డిగ్రీలకు చేరితే దాదాపు 54 మిల్లీమీటర్లు, అంటే మూడు వేళ్ళ వెడల్పు, పొడుగవుతుంది. దానికి లూప్, అంటే పైపునే వంపు తిప్పి, చోటు ఇవ్వకపోతే గోడనైనా పగలగొట్టుకుని తన చోటు తాను తీసుకుంటుంది. పీడనం చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు దాటిన లైన్లు బాయిలర్ నిబంధనల కిందికి వస్తాయి, వాటి మీద సర్టిఫికెట్ ఉన్న వెల్డరే వెల్డింగ్ చేయాలి. "ఒక్క జాయింటే కదా" అని ఎవడైనా అంటే పక్కకు తప్పుకో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి రాస్తాను. మీ అమ్మకు ఇందులో సగమే తెలుసు.

అది 1991వ సంవత్సరం. ఇక్కడికి దగ్గరలోనే ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో, ఊకతో మండే బాయిలర్ నుంచి వడ్లు ఉడికించే ట్యాంకులకు వెళ్ళే మూడంగుళాల లైన్‌లో తుప్పు పట్టిన ముక్కను మార్చే పని నాకు అప్పగించారు. నాకు హెల్పర్‌గా పాలమూరు నుంచి వచ్చిన పద్దెనిమిదేండ్ల పిల్లవాడు ఉండేవాడు. బాగా నవ్వేవాడు, మధ్యాహ్నం సద్దిమూటలో సగం నాకు పెట్టేవాడు. బరువులెత్తే చైన్ బ్లాక్ వేలాడదీయడానికి అడ్డం వస్తుందని నేను లైన్ మధ్యలో ఒక సపోర్ట్ తీసివేశాను. పని అయ్యాక దాన్ని తిరిగి బిగించలేదు, రేపు బిగిద్దాం అనుకున్నాను. లైన్ అక్కడ కొద్దిగా, రెండు వేళ్ళంత, కిందికి వంగింది. ఆ వంగిన చోట నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ లేదు.

రాత్రి పదింటికి వడ్లు నాని ఉన్నాయి, ఇంకా ఆలస్యమైతే పులిసి వాసన పడతాయని యజమాని అరుస్తున్నాడు. లైన్ రెండు రోజులుగా చల్లబడి ఉంది. చల్లటి పైపులోకి ఆవిరి వస్తే నీరవుతుంది, ఆ నీళ్ళు పల్లం వెతుక్కుంటాయి. వెనుక నుంచి సెకనుకు పాతిక ముప్పై మీటర్ల వేగంతో వచ్చే ఆవిరి వాటిని గుండులా నెట్టుకుపోయి మొదట అడ్డం వచ్చిన ఎల్బోకో వాల్వ్‌కో వేసి కొడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. అప్పటికి ఆరేండ్ల అనుభవం ఉన్నవాణ్ణి. కానీ యజమాని నోటికి జడిసి, వెంట్రుకవాసి తెరచి కాసేపు ఆగవలసిన వాల్వ్‌ను రెండు చుట్లు తిప్పాను.

ఎవరో సమ్మెటతో పైపును కొట్టినట్టు ఒక దెబ్బ వినిపించింది. రెండో దెబ్బకు లైన్ మొత్తం ఊగింది. మూడో దెబ్బకు, పైపులను బోల్టులతో కలిపే ఫ్లాంజ్ మధ్యలోని గ్యాస్కెట్ పగిలింది, దానికి ఎదురుగా లాంతరు పట్టుకుని నిలబడింది ఆ పిల్లవాడే. అతన్ని అక్కడ నిలబడమని చెప్పింది నేనే. ఎడమ చేయి భుజం నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. ఎవరో సిరా తెమ్మన్నారు, ఎవరో కొబ్బరినూనె అన్నారు, పది అడుగుల దూరంలో తొట్టి నిండా బోరు నీళ్ళున్నాయన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయాలని నేను నేర్చుకున్నది చాలా ఏండ్ల తరువాత. వడ్ల లారీలో నల్లగొండ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం, దారి పొడుగునా అతను "అన్నా, పని పోతుందా" అని అడుగుతూనే ఉన్నాడు.

మరునాడు యజమాని అడిగితే గ్యాస్కెట్ నాసిరకం అని చెప్పాను. తీసిన సపోర్ట్ సంగతి చెప్పలేదు. అందరూ నమ్మారు. నెల తరువాత ఆ పిల్లవాడి ఊరికి వెళ్ళాను, నిజం చెబుదామనే వెళ్ళాను. వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "నీ దయవల్ల బతికిండు అయ్యా" అన్నది. ఆ నీళ్ళు తాగి తిరిగి వచ్చాను. అతను మళ్ళీ ఈ పనిలోకి రాలేదు. కిరాణా దుకాణం పెట్టుకున్నాడు, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాయే వేసుకుంటాడు. పోయిన సంక్రాంతికి వెళ్ళి ముప్పై ఏండ్లు దాటిన ఆ మాట చెప్పాను. అతను చాలాసేపు ఊరుకుని, "చాయ్ తాగుతవా అన్నా" అన్నాడు.

అందుకని ఇది మాత్రం తు.చ. తప్పకుండా పాటించు. పైపులు వేసేటప్పుడే ఆవిరి పోయే దిక్కుకు వందకు ఒకటి చొప్పున వాలు పెట్టు, పల్లం ఉన్న ప్రతిచోటా డ్రెయినూ, ఆవిరిని ఆపి నీళ్ళను మాత్రమే వదిలే ట్రాపూ పెట్టు. తీసిన సపోర్ట్‌ను అదే పూట బిగించు, అన్నం తరువాత తిను. లైన్ మొదలుపెట్టేటప్పుడు ముందు డ్రెయిన్లన్నీ తెరువు, తరువాత వాల్వ్ కొద్దిగా కదిలించి, నీళ్ళు పోవడం ఆగి ఆవిరి వచ్చేదాకా ఆగు. పైపు వేడెక్కుతూ మూలిగితే పరవాలేదు, టకటకమని కొడితే వెంటనే వాల్వ్ మూసివెయ్యి. ఫ్లాంజ్‌కు ఎదురుగా నువ్వూ నిలబడవద్దు, నీ హెల్పర్‌నూ నిలబెట్టవద్దు. యజమాని ఎంత అరిచినా వాల్వ్ చక్రం మీద ఉన్నది నీ చేయి.

దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదు కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని చూసే నీకు ఈ కోరిక పుట్టిందని మీ అమ్మ అన్నది. మంచిదే. కానీ అలాంటి చోట అధిక వేడి మీద ఉండే ఆవిరి కారుతున్నా కంటికి కనబడదు, తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి నీరవుతున్న భాగం. శబ్దం విని ఎక్కడ కారుతోందో చేత్తో వెతికితే ఆ చేయి దక్కదు. ముందు చిన్న మిల్లుల్లో, పది కిలోల లైన్ల మీద చేయి తిరగనివ్వు.

కోపంగా రాసినట్టున్నాను, ఏమనుకోకు. నీకు జ్వరం వస్తే నా భుజం మీదే నిద్రపోయేవాడివి, ఆ బరువు నాకు ఇంకా గుర్తుంది.

నా మూలమట్టం, ఇత్తడి తూకం గుండు, పాత టేపు మీ అత్త గుడ్డలో కట్టి ఉంచింది. టేపు మొదటి సెంటీమీటరు అరిగిపోయింది, కాబట్టి పది సెంటీమీటర్ల గీత దగ్గర పెట్టి కొలిచి ఆ పది తీసివెయ్యి. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రా. పెరట్లో నాలుగంగుళాల పైపు ముక్కలు రెండు ఉన్నాయి, ఎల్బోలు నేను తెప్పిస్తాను. ఆ 290 ముక్క నువ్వే కోద్దువు గాని.

నీ మేనమామ