ఐదు లక్షల జపం మొక్కుకున్న మనవడికి

చిక్కడపల్లి,
ఆదివారం

చి. రఘుకి తాతయ్య ఆశీస్సులు.

‘నమశ్శివాయ’ పంచాక్షరి 5 లక్షలు, అదీ మండలం రోజుల్లో పూర్తి చేస్తానని మొక్కుకున్నావట. మీ అమ్మ చెప్పింది. వినగానే మా వంశంలో ఒకడైనా మిగిలాడని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే ‘సరే తాతయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూడరా. మాలకు 108 పూసలున్నా 100 కిందే జమ. ఆ ఎనిమిదీ పరధ్యానానికి, తప్పులకు పోతాయి. 5 లక్షలంటే 5,000 మాలలు. 40 రోజులకు రోజుకి 125. మాలకు ఐదు నిమిషాలనుకున్నా పది గంటల పైమాట! ఆఫీసుకెప్పుడు వెళ్తావు, ఎప్పుడు పడుకుంటావు? అక్షరానికి లక్ష అన్నది పెద్దల మాటే, కాదనను. దాని తర్వాత దశాంశం హోమం కూడా ఉంది, అంటే 50 వేల ఆహుతులు. ఆ సంగతి నీకెవరైనా చెప్పారా?

మాల కొసన ఉండే మేరుపూస దాటకు. చూపుడువేలు తగలనివ్వకు. రోజూ ఒకే చోట, ఒకే వేళకి కూర్చో. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఊరికే కూర్చుంటావుగా, మనసులో చేసుకో. పైకి చెప్పేదానికంటే పెదవి మాత్రం కదిపే ఉపాంశువు, దానికంటే మానసికం మేలని మనుస్మృతిలోనే ఉంది. బండి మీద మాత్రం వద్దు. వేలికి తొడుక్కుని జపం లెక్కపెట్టే ఆ కౌంటర్ కూడా బండి మీద వద్దు. నా మీద ఒట్టు.

1978లో నేనూ ఇదే మొక్కు మొక్కాను. వారానికే వెనకబడ్డాను. తొందరలో ‘నమశ్శివాయ’ కాస్తా ‘నంశాయ’ అయింది. పగలంతా ఒక కొట్లో పైసా తేడా రాకుండా పద్దులు రాసేవాణ్ణి, రాత్రి నోటుబుక్కులో 20 మాలలకు 30 వేసేవాణ్ణి. దేవుడి దగ్గర దొంగలెక్క! జపంలో ఉండగా ఎవరు పిలిచినా కళ్లు తెరవకుండా అరచెయ్యి ఎత్తి ‘హూఁ’ అనేవాణ్ణి. మాట్లాడితే మాల మొదటికొస్తుందని భయం.

ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చాను. మీ అమ్మకి అప్పుడు నాలుగేళ్లు. పీట మీద బాసింపట్టు వేసుకుని, గుప్పెట్లో చింతపిక్కలు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఎదురుగా గుడ్డబొమ్మ. ‘పాప ఏడుస్తోందే’ అంది మీ అమ్మమ్మ. మీ అమ్మ కళ్లు తెరవలేదు. అరచెయ్యి ఎత్తి బొమ్మ వైపు ‘హూఁ’ అంది.

మీ అమ్మమ్మ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదురా.

ఆ రాత్రి దొంగ అంకెలన్నీ కొట్టేసి అసలువి వేశాను. గడువూ తీసేశాను. రోజుకి ఆరు మాలలు, అంతే. మధ్యలో మీ అమ్మ ఒళ్లోకి ఎక్కి మాల లాక్కునేది, లెక్క తప్పేది, మళ్లీ మొదటి నుంచి. 5 లక్షలు పూర్తయ్యేసరికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది.

నా రుద్రాక్షమాల దారం పాతబడితే కొత్తది వేయించి ఉంచాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లు, అమ్మమ్మ పులిహోర చేస్తుందట. చిక్కిపోయి వచ్చావంటే మాత్రం మాల ఇవ్వను. రాత్రి ఎనిమిదింటికి మీ అమ్మ ఫోన్ చేస్తుంది కదా, మాల మధ్యలో ఉన్నా సరే, తియ్యి.

తాతయ్య