పాత సినిమాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్ర: అమ్మకు ఇష్టమైన పాత కుటుంబ కథా చిత్రం ఆన్‌లైన్‌లో రెండు చోట్ల దొరికింది. ఒకటి 2 గంటల 30 నిమిషాలు, ఇంకోటి 2 గంటల 24. పోయిన సీను ఏదో ఎంత చూసినా పట్టుకోలేకపోతున్నాను.

జ: ఏ సీనూ పోయి ఉండకపోవచ్చమ్మా. 150 నిమిషాలను 24తో గుణించి 25తో భాగించండి. సరిగ్గా 144 వస్తుంది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది, అప్పటి మన టీవీల పాల్ (PAL) పద్ధతికి 25 కావాల్సి వచ్చేది. ఫిల్మును వీడియోకి ఎక్కించే టెలిసినీ గదిలోనే నా ఉద్యోగం. ఆ ఒక్క ఫ్రేము కోసం తంటాలు పడకుండా సినిమానే కాస్త వేగంగా తిప్పేసేవాళ్లం. అనుమానముంటే పాట దగ్గర ఆగి, అదే పాట రికార్డు పక్కన పెట్టి వినండి. గొంతు సన్నబడి, శ్రుతి కొంచెం పైకి పోయి ఉంటుంది.

లెక్క కుదరకపోతే అప్పుడు కత్తెర పడిందనుకోండి. అయితే మాట మధ్యలో తెగినంత మాత్రాన ఎవరో కావాలని కోశారనుకోకండి. 1000 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. రీలు మారేముందు కుడివైపు పై మూల ఓ చుక్క మెరుస్తుంది, ఆపరేటరుకు సైగ అది. ఆ చుక్కల దగ్గరే బొమ్మ ఎగిరిపడితే అది రీలు చివర అరుగుదలే. పదే పదే ఆడిన ప్రింటు మరి!

ప్ర: 4కె అని రాసిన కాపీలో ముఖాలన్నీ మైనం పూసినట్టున్నాయి. గీతలున్న పాత కాపీయే నయమనిపించింది. లోపం నా కళ్లదా సార్?

జ: మీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. 4కె అంటే తెర మీద 3840 × 2160 చుక్కలు (పిక్సెళ్లు), అంతే. ఆ చుక్కల్లోకి వచ్చింది కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము, అంటే నెగటివా, పాత వీడియో క్యాసెట్టా అన్నది ఆ అంకె చెప్పదు. క్యాసెట్టును సాగదీసి, ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నని రేణువులను మరకలనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే వాటితోపాటు చర్మం మీది ముడతలూ పోతాయి. ముఖాల మీదే నడిచే కథలో ఇంక మిగిలేదేముంది?

ఇంతకంటే నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. 1.37:1 కొలతలో, అంటే ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పుతో తీసిన బొమ్మను వెడల్పు టీవీకి నిండుగా రావాలని పైనా కిందా కోసేస్తారు. ఎత్తులో పావువంతుకు కాస్త తక్కువగా గల్లంతు. ఉత్తరం పట్టుకున్న చేతులు ఫ్రేము బయట, ఏడుపు మాత్రం లోపల! పక్కల నల్లపట్టీలున్న కాపీ కనిపిస్తే ముందు దాన్నే తెరవండి.

నిజంగా చేయాలనుకుంటే ఎంత చేయొచ్చో సత్యజిత్ రే తీసిన ‘పథేర్ పాంచాలి’ (1955) చూడండి. 1993లో లండన్‌ ల్యాబ్‌లో దాని నెగటివ్ అగ్నికి ఆహుతైంది. మిగిలిన పెళుసుబారిన ముక్కలకు తేమ పట్టించి, చేత్తో అతికించి, ఇటలీలోని బొలోన్యాలో స్కాన్ చేశారు. దక్కని చోట్ల వేరే నకళ్ల నుంచి పూరించారు. 2015లో వచ్చిన ఆ 4కెలో రేణువులు అలాగే ఉన్నాయి.

ప్ర: సబ్‌టైటిల్స్ మాటలకు అందడం లేదు. సరిచేయడమెలా?

జ: మొదటినుంచీ ఒకే తేడా ఉంటే ప్లేయర్‌లో ముందుకో వెనక్కో జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే మొదటి జవాబులోని లెక్కే. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటు మార్చండి. లేదంటే సబ్‌టైటిల్‌లో గంట దగ్గరున్న మాట సినిమాలో 57 నిమిషాల 36 సెకన్లకే పలికేస్తుంది.