కాల్షియం లేకపోయినా గాబా బయటికి ఎలా వస్తోంది?

అమలాపురం తమ్ముడూ, టెన్షన్ పడకు. కాల్షియం లేని ద్రావణంలో కూడా కప్ప రెటీనాలోని (కంట్లో వెలుగును పట్టే పొర) హారిజాంటల్ కణాలనే నాడీకణాలు గాబాను (నాడీకణాల చురుకును తగ్గించే రసాయన సంకేతం) వదులుతున్నాయని చదివి, మన పాఠ్యపుస్తకం తప్పా అని అడిగావు. పుస్తకాన్ని గోదాట్లో కలపక్కర్లేదు. అందులో చెప్పింది వెసికిల్స్ దారి, అంటే కణంలోని చిన్న సంచులు పొరకు అతుక్కుని లోపలి రసాయనాన్ని బయటికి ఒలకబోయడం; దానికి కాల్షియం కావాలి. ఇది వేరే దారి.

ఈ కణాల పొరలో గాబాను దాటించే ప్రోటీన్, అంటే గాబా ట్రాన్స్‌పోర్టర్ ఉంటుంది. మామూలుగా అది ఒక్కో గాబా అణువుతో పాటు రెండు సోడియం అయాన్లు, ఒక క్లోరైడ్ లోపలికి తెస్తుంది. లెక్క కట్టు: గాబా మీద నికర ఆవేశం లేదు, కాబట్టి ప్రతి విడతా ఒక ధనావేశం లోపలికి చేరుతుంది. అందుకే ఓల్టేజీ మాట అది వింటుంది. చీకట్లో ఫొటోరిసెప్టర్లు గ్లుటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని వదులుతూనే ఉంటాయి, దాంతో హారిజాంటల్ కణం డీపోలరైజ్ అయి ఉంటుంది, అంటే లోపలి ఓల్టేజీ ధనం వైపు జరిగి ఉంటుంది. లోపల గాబా, సోడియం తగినంత ఉంటే ట్రాన్స్‌పోర్టర్ ఎదురు తిరిగి గాబాను బయటికి పంపుతుంది, సముద్రం పోటు మీదున్నప్పుడు మన కోనసీమ డ్రెయిన్లు వెనక్కి ఎక్కినట్టు. వెలుగు పడితే కణం హైపర్‌పోలరైజ్ అయి (ఓల్టేజీ ఋణం వైపు జరిగి) గాబాను మళ్లీ లోపలికి లాగుతుంది. 1982లో ష్వార్ట్జ్ అనే పరిశోధకుడు టోడ్ కప్ప కణాలను విడదీసి చూపించింది ఈ కాల్షియం అక్కర్లేని విడుదలే.

సెమినార్లో "ట్రాన్స్‌పోర్టరే అని రుజువేంటి?" అని తప్పకుండా అడుగుతారు. ఈ ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డుపడే నిపెకోటిక్ ఆమ్లం పేరు చెప్పి ఊరుకోకు. అది తనే ట్రాన్స్‌పోర్టర్ ఎక్కి లోపలికెళ్లి, బదులుగా గాబాను బయటికి తోయగలదు. తను లోపలికి పోకుండా అడ్డుపడే ఎస్‌కేఎఫ్ 89976-ఏ లాంటి రసాయనం విడుదలను ఆపితేనే సాక్ష్యం గట్టిది.