పరుగు లేని ప్రయాణం, కడుపారా భోజనం: మలేషియా రోడ్డు యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. మా వారు, నేను, ఏడేళ్ళ బాబు, పన్నెండేళ్ళ పాప, అత్తగారు, మామగారు కలిసి వచ్చే వేసవి సెలవుల్లో మలేషియా వెళ్ళాలనుకుంటున్నాము. మాకు వచ్చిన ప్యాకేజీలో ఆరు రోజుల్లో నాలుగు ఊళ్ళు, వాటితోపాటు సింగపూరు కూడా ఉన్నాయి. ప్రతి రాత్రీ భోజనం మాత్రం ఇండియన్ రెస్టారెంటులోనే. మాకు అంత పరుగు వద్దు. కారు అద్దెకు తీసుకొని, అక్కడివాళ్ళు తినేది తింటూ, నెమ్మదిగా తిరగాలని ఉంది. అత్తగారు శాకాహారి. మిగిలినవాళ్ళం గొడ్డుమాంసం, పందిమాంసం తప్ప అన్నీ తింటాము. ఇది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా సాధ్యమే. ఆ దేశాన్ని కుటుంబంతో చూడటానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా గట్టి నమ్మకం. మలయ్, చైనా, దక్షిణ భారత వంటలు మూడూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే రేకుల కప్పు కింద దొరికే దేశం అది. అలాంటి చోటికి వెళ్ళి ప్రతి రాత్రీ పనీర్ కూర తిని తిరిగి రావడం నిజంగా నష్టమే.

ఒక్క నియమం పెట్టుకోండి: ఏ పూట ఎక్కడ తినాలో ముందు తేల్చుకొని, కారు ఎంత దూరం నడపాలన్నది దానిని బట్టి నిర్ణయించండి. అక్కడి మంచి దుకాణాలలో చాలా వరకు ఒకటి రెండు వంటకాలే చేస్తాయి. కొన్ని ఉదయం మాత్రమే తెరుస్తారు, కొన్ని సాయంత్రం మాత్రమే. చేసినది అయిపోగానే పొయ్యి ఆర్పేస్తారు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలియక, కౌలాలంపూర్ నుంచి బయలుదేరి, తాపా దగ్గర మలుపుల దారిలో కామెరాన్ హైలాండ్స్ ఎక్కి, తేయాకు తోటలు చూసి, అదే రోజు పెనాంగ్ చేరాలని నిశ్చయించుకున్నాము. ఘాట్ రోడ్డు మీద అమ్మకు రెండుసార్లు వాంతులయ్యాయి. రాత్రి తొమ్మిదిన్నరకు ఊరు చేరేసరికి మేము మనసు పడ్డ లాక్సా (నూడుల్స్ పులుసు) దుకాణం మూసేశారు, పిల్లలు నిద్రపోయారు, మేము హోటల్ గదిలో బిస్కెట్లు తిని పడుకున్నాము. రెండోసారి వెళ్ళినప్పుడు రోజుకు రెండు, మూడు గంటలకు మించి కారు నడపలేదు. ఇప్పటికీ మా ఇంట్లో మాట్లాడుకొనేది ఆ రెండో యాత్ర గురించే.

మీకు తొమ్మిది రాత్రులు వీలైతే మూడు ఊళ్ళు చాలు: మెలాకా, ఈపో, పెనాంగ్. హైదరాబాదు నుంచి గాని చెన్నై నుంచి గాని రాత్రి విమానం ఎక్కితే తెల్లవారుజామున దిగుతారు. నిద్ర లేని ఆ కళ్ళతో మాత్రం స్టీరింగు పట్టుకోవద్దు. మొదటి రోజు విమానాశ్రయం దగ్గరే గది తీసుకొని విశ్రాంతి తీసుకోండి. ఆ విమానాశ్రయం కౌలాలంపూర్‌కు దక్షిణాన సెపాంగ్‌లో ఉంది కాబట్టి, మరునాడు రాజధాని రద్దీలోకి వెళ్ళకుండానే సుమారు రెండు గంటల్లో మెలాకా చేరవచ్చు. అక్కడి నుంచి ఈపో దాదాపు 350 కిలోమీటర్లు. ఈ యాత్రలో ఎక్కువ దూరం నడిపే రోజులు అదీ, పెనాంగ్ నుంచి తిరిగివచ్చే రోజూ మాత్రమే. ఈపో నుంచి పెనాంగ్ రెండు గంటల పైచిలుకు.

మెలాకాను 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు పట్టుకున్నారు. ఆ తరువాత ఇంగ్లీషువారు వచ్చారు. అంతకుముందు నుంచే అక్కడ స్థిరపడిన చైనా వర్తకుల కుటుంబాలు స్థానిక మలయ్ అలవాట్లతో కలిసిపోయి పెరనాకన్లు అయ్యాయి, వారి ఇంటి ఆడవారి వంటే న్యోన్యా వంట. మీ పిల్లలకు అయామ్ పొంగ్‌తే ఇప్పించండి: పులియబెట్టిన సోయా ముద్ద, తాటిబెల్లం లాంటి బెల్లం, బంగాళాదుంపలు వేసి ఉడికించిన కోడి కూర అది, కారం దాదాపు ఉండదు. ఆ బెల్లానికి ఊరి పేరే పెట్టి గులా మెలాకా అంటారు. కొబ్బరి పూగుత్తి నుంచి తీసిన కల్లును కాచి, వెదురు గొట్టాలలో పోసి గడ్డకట్టిస్తారు. ఎండలో తిరిగి వచ్చాక చెండోల్ తినండి: తురిమిన మంచు మీద కొబ్బరిపాలు, ఆ బెల్లం పాకం, పచ్చటి బియ్యప్పిండి తీగలు, ఎర్ర చిక్కుడు గింజలు వేసి ఇస్తారు. తాటిబెల్లం రుచి ఎరిగిన మీ మామగారు రెండో గిన్నె అడిగినా నేను ఆశ్చర్యపోను. జోంకర్ వీధిలో రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాలలో జరుగుతుంది; మీ మెలాకా రోజులు వాటిలో పడేట్టు చూసుకోండి.

ఈపో సున్నపురాతి కొండల మధ్య ఉన్న ఊరు. అక్కడి పెసర మొలకలు పొట్టిగా, లావుగా ఉంటాయి, కొండల నీళ్ళ మహిమ అని ఊరివాళ్ళు చెబుతారు. ఆ మొలకలను ఉడికించిన కోడితో, మెత్తని బియ్యపు నూడుల్స్‌తో వడ్డిస్తారు. గింజలను మార్జరిన్‌తో వేయించి, తియ్యటి చిక్కని పాలతో కలిపే అక్కడి వైట్ కాఫీ మన డికాషన్ కాఫీకి అలవాటు పడినవారికి కూడా నచ్చుతుంది. ఈపోలో ఇంతకన్నా చేయవలసింది లేదు, రెండు రోజులు ఊరికే గడపండి.

అసలు విందు పెనాంగ్‌లో. మూడు రాత్రులకు తగ్గించవద్దు. అక్కడి అసాం లాక్సా గురించి మన వాళ్ళకు చెప్పడం చాలా తేలిక: అది చింతపండు చేపల పులుసు. కాకపోతే చేప ముక్కలుగా ఉండదు, కానాగంతల జాతి చేపను ఉడికించి, విడదీసి, పులుసులోనే కలిపేస్తారు. అందులో లావాటి బియ్యపు నూడుల్స్, పుదీనా, అనాస ముక్కలు, ఒక రకం అల్లం పువ్వు తరుగు, పైన నల్లటి రొయ్యల ముద్ద ఒక చెంచా వేస్తారు. మొదటి ముద్ద వింతగా ఉంటుంది, మూడో ముద్దకు మన ఇంటి రుచి తగులుతుంది.

నాసి కందార్ చరిత్ర కూడా మనకు దగ్గరిదే. కందార్ అంటే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లిం వర్తకులు అన్నం ఒక వైపు, కూరలు ఒక వైపు కావడిలో మోసుకొని వచ్చి పెనాంగ్ రేవు కూలీలకు అమ్మేవారు. కావడి పోయి హోటల్ వచ్చినా పేరు నిలిచింది. మీరు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోయడం వాళ్ళ పద్ధతి, పులుసు అన్నాన్ని ముంచేయాలంటే బాంజిర్, అంటే వరద, అని అడుగుతారు. ఆ పులుసులలో గొడ్డుమాంసం కూరది కూడా ఉండవచ్చు. కాబట్టి కలపవద్దని చెప్పి, కోడి పులుసుకు కువా అయామ్ అని, చేప పులుసుకు కువా ఇకాన్ అని విడిగా అడగండి. దాగింగ్ అన్న మాట కనిపిస్తే అది సాధారణంగా గొడ్డుమాంసమే. హలాల్ బోర్డు ఉన్న చోట పందిమాంసం ఉండదు. బోర్డు లేని చైనా దుకాణాలలో నూడుల్స్‌ను పందికొవ్వుతో వేయించే అలవాటు ఉంది, కాబట్టి అడగకుండా తినవద్దు.

మీ అత్తగారి విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి యాత్రలలో ఎక్కువగా ఇబ్బంది పడేది ఇంటి పెద్దావిడే. కూరగాయలు కదా అని అక్కడ నమ్మడానికి లేదు. బెలాచాన్ అనే పులిసిన రొయ్యల ముద్దను తోటకూర వేపుడులోనూ, సాంబాల్ అనే మిరప పచ్చడిలోనూ వేస్తారు. నాసి లెమాక్ అన్నం నిజానికి మన కొబ్బరన్నమే, అందులో వేసే పాండన్ ఆకు మన మొగలి కుటుంబానిదే; కాని పక్కన పెట్టే సాంబాల్, వేయించిన నెత్తళ్ళు ఆవిడకు పనికిరావు. పరోటా లాంటి రోటీ చనాయ్ సాదాగా కావాలంటే రోటీ కోసోంగ్ అనండి, దానితో ఇచ్చే పప్పులో చేపల పులుసు కలపకుండా దాల్ సహాజా అనండి. మన 'సహజ' శబ్దమే అక్కడికి వెళ్ళి 'మాత్రమే' అన్న అర్థం తెచ్చుకుంది. పిండిలో గుడ్డు వేస్తారేమో కూడా అడగండి. అన్నిటికన్నా నిశ్చింత కలిగించేవి చైనా బౌద్ధుల శాకాహార భోజనశాలలు. ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. అయితే సోయాతో, గోధుమ జిగురుతో చేసిన ముక్కలు చూడటానికి అచ్చం మాంసంలా ఉంటాయి. ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పండి, లేకపోతే పళ్ళెం చూసి లేచిపోతారు. అరిటాకు భోజనం, దోసె ఎలాగూ దొరుకుతాయి. పెనాంగ్ ముఖ్య పట్టణమైన జార్జ్ టౌన్‌లో, లిటిల్ ఇండియాకు నడిచి వెళ్ళగల దూరంలో గది తీసుకుంటే ఆవిడ ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు.

ప్రశ్న: విజయవాడ నుంచి హైదరాబాదుకు కారు నడిపిన అనుభవం ఉంది. అక్కడ నడపగలనా? ఏ కాగితాలు కావాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నడపగలరు. మనలాగే అక్కడా ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. మన రవాణా శాఖ కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను, మీ అసలు లైసెన్సును రెండింటినీ దగ్గర ఉంచుకోండి. పర్మిట్ ఒక ఏడాది చెల్లుతుంది. భారతీయులకు 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా అవసరం లేదు, కాని ఇలాంటి వెసులుబాట్లు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు సరిచూసుకోండి. మలేషియా చేరే తేదీకి ముందు మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి.

థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి జొహోర్ బారు దాకా పడమటి తీరం వెంట ఉన్న ఎక్స్‌ప్రెస్ రహదారిలో వేగపరిమితి సాధారణంగా గంటకు 110 కిలోమీటర్లు. కుడి వరుస ముందువాళ్ళను దాటడానికే. అందులో తిష్ఠ వేయవద్దు. టోల్‌ను సాధారణంగా 'టచ్ ఎన్ గో' కార్డుతో కడతారు: మన ఫాస్టాగ్ లాంటిదే గాని, కార్డును చేత్తో యంత్రానికి చూపించాలి. 1985లో తెరిచిన 13.5 కిలోమీటర్ల పెనాంగ్ వంతెన మీద ద్వీపంలోకి వెళ్ళేటప్పుడే టోల్ ఉంటుంది. వెనుక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు ప్రత్యేకమైన సీటు 2020 నుంచి తప్పనిసరి, కారు బుక్ చేసేటప్పుడే అడగండి. ఆరుగురికి ఏడు సీట్ల బండి అవసరం, అప్పుడు పెట్టెలు చిన్నవే తెచ్చుకోవాలి. మధ్యాహ్నం పూట ఒక్కసారిగా కుండపోత పడుతుంది. అలాంటప్పుడు పౌరుషానికి పోకుండా దారి పక్క విశ్రాంతి స్థలంలో ఆగండి. ఆర్ అండ్ ఆర్ అని బోర్డు ఉంటుంది. సూర్యాపేట దగ్గర ఆగి టిఫిను చేసే అలవాటు ఉన్నవాళ్ళకు అక్కడి అన్నం, నూడుల్స్, కోసిన పళ్ళ దుకాణాలు ఎంతో నచ్చుతాయి. శుభ్రమైన మరుగుదొడ్లు కూడా ఉంటాయి.

ప్రశ్న: గుంటూరు కారం తిన్న నాలుకకు అక్కడి వంటలు చప్పగా అనిపించవా? ఆవకాయ తీసుకెళ్ళాలా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: చప్పగా ఉండవు, తియ్యగా ఉంటాయి. సాంబాల్‌లో మిరపకాయతోపాటు చక్కెరో బెల్లమో పడుతుంది. మొదటి రోజు అదే ఇబ్బంది పెడుతుంది. కారం కావాలంటే చిలి పడి అనే సన్న మిరపకాయలను సోయా పులుసులో తరిగి ఇస్తారు, వాటిని తేలికగా తీసుకోవద్దు. టీ, కాఫీలలో తీపి తగ్గించాలంటే కురాంగ్ మానిస్ అనండి. పెద్దవాళ్ళ కోసం ఆవకాయ చిన్న సీసా తీసుకెళ్ళడంలో తప్పు లేదు, కాని మొదటి రెండు రోజులు మూత తీయవద్దని నా విన్నపం. ఆవకాయ కలిస్తే ప్రతి వంటకమూ ఒకే రుచికి వస్తుంది.

ప్రశ్న: మలేషియాలో తెలుగువారు ఉన్నారని విన్నాను. వారి వంట రుచి చూసే వీలుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉన్నారు. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్ళినవారి సంతతి, వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ ప్రాంతం తెలుగు కుటుంబాలకు పేరుపొందింది. ఈపో వెళ్ళే రహదారి నుంచి పడమటికి, సముద్రం వైపు తిరగాలి. వారి వంట ప్రధానంగా ఇళ్ళలోనే ఉంది, కాబట్టి హోటళ్ళ కోసం వెదకకుండా, మీకు తెలిసినవారి ద్వారా ముందే పరిచయం కలుపుకొని వెళ్ళండి. ఒక పూట భోజనానికి ఆ దారి మళ్ళడం ఎంతైనా మేలు.

ప్రశ్న: జూన్‌లో వెళ్తున్నాము. దురియన్ పండు తినాలని పిల్లల కోరిక, వాసన భయం నాది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంచి కాలంలోనే వెళ్తున్నారు, జూన్ నుంచి ఆగస్టు వరకు పెద్ద పంట. పెనాంగ్ ద్వీపంలో బాలిక్ పులావ్ వైపు కారులో వెళ్తే దారి పక్కనే తోటలవాళ్ళ దుకాణాలు ఉంటాయి. పండును హోటల్ గదికి గాని, అద్దె కారులోకి గాని తీసుకెళ్ళవద్దు; చాలా హోటళ్ళలో నిషేధం, కారులో వాసన నిలిచిపోతే జరిమానా పడవచ్చు. అక్కడే కాయ కోయించుకొని, తిని రావాలి. కోసే ముందు ధర తూకానికా, కాయకా అని అడగండి, కోశాక ఒక తొన రుచి చూడండి. బాగాలేకపోతే మంచి దుకాణదారు మరో కాయ ఇస్తాడు. మొదటిసారి తినే పిల్లలకు చేదు రకం కాకుండా తియ్యటి రకం ఇమ్మని చెప్పండి. పక్కనే మాంగోస్టీన్ పళ్ళు ఒక కిలో తీసుకుంటే, దురియన్ నచ్చనివాళ్ళు అవి తింటారు. చేతుల వాసన పోవడానికి అక్కడివాళ్ళు ఖాళీ కాయ డొప్పలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళతోనే కడుక్కుంటారు. మీరూ అలాగే చేసి, తరువాత కారెక్కండి.